ఎఫ్‌డీ ఆర్ఎక్స్-7లో కార్వెట్ ఇంజన్ పెట్టించాలా, రోటరీనే బాగు చేయించాలా?

గుంటూరు కుర్రాడు (ప్లేనో, టెక్సస్)

అందరికీ నమస్కారం. నా దగ్గర 1993 మాజ్డా ఆర్ఎక్స్-7 ఉంది. ఎఫ్‌డీ బాడీ (ఆర్ఎక్స్-7లో మూడో తరం), ఎరుపు రంగు, ఐదు గేర్ల మాన్యువల్. ఇంజన్ రోటరీ, అంటే పిస్టన్ల బదులు మూడు మూలల రోటర్లు రెండు తిరుగుతాయి. మూడేళ్ల కిందట కొన్నాను. నెల రోజులుగా వేడి మీద స్టార్ట్ అవడం లేదు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. పెట్రోల్ పోయించుకుని మళ్లీ తాళం తిప్పితే మాత్రం సెల్ఫ్ తిరుగుతూనే ఉంటుంది, ఇంజన్ పలకదు. వెనక ఎవరైనా వెయిట్ చేస్తుంటే ఆ టెన్షన్ చెప్పలేను.

మొన్న శనివారం స్పార్క్ ప్లగ్ తీసి సెల్ఫ్ కొట్టి విన్నాను. వెనక రోటర్ చఫ్, చఫ్, చఫ్ అని సమానంగా కొట్టింది. ముందు రోటర్ చఫ్, చఫ్ అని, మూడో దెబ్బకు ఉత్త గాలి. అంటే లోపలి గాలిని పట్టి ఉంచే సీల్ ఏదో పోయినట్టే.

రోటరీ రీబిల్డ్‌కు ఒకాయన 9 వేల డాలర్లు చెప్పాడు. లోపల రోటర్లు తిరిగే హౌసింగులు గీతలు పడి ఉంటే 12 దాకా పోవచ్చట. ఇంకో షాపాయన "ఆ ఇంజన్ తీసెయ్, షెవర్లే కార్వెట్ కారు వీ8 ఇంజన్ ఎల్ఎస్1 పెట్టేద్దాం, ఆరు గేర్ల బాక్సుతో సహా 22 వేలు" అంటున్నాడు. కూడబెట్టిన డబ్బు ఉంది, రెండిట్లో ఏదైనా చేయించగలను. కానీ ఏది సరైనదో తేల్చుకోలేకపోతున్నాను. వీ8 పెట్టాక అది ఇంకా ఆర్ఎక్స్-7 అవుతుందా?

ఏపెక్స్ సీల్ (ఫ్రీమాంట్, కాలిఫోర్నియా)

అవదు తమ్ముడూ. మొహమాటం లేకుండా చెబుతున్నా.

ఆ ఇంజన్ కొలతలు చూసుకునే ఆ కారు గీశారు. రెండు రోటర్లు కలిపి 1,308 సీసీ. ఇంజన్ చిన్నది కాబట్టే ముందు ఇరుసుకు వెనగ్గా, కిందికి కూర్చోబెట్టగలిగారు. బానెట్ అంత పల్చగా ఉండడానికి అదే కారణం. ముందూ వెనకా బరువు సగం సగం పంచగలిగారు. అమెరికాలో అమ్మిన 1993 కారు బరువు 1,270 కిలోల చిల్లర. 255 హార్స్‌పవర్ ఆ రోజుల్లో తక్కువేం కాదు. ఒక టర్బో ముందు అందుకుని, 4,500 ఆర్‌పీఎం దగ్గర రెండోది తోడై, 8,000 దాకా ఎక్కడా ఊపిరి బిగబట్టకుండా లాగుతుంది. ఆ 8,000 గీతకు కొంచెం ముందు బజర్ మోగుతుంది చూడు, ఆ బజర్ వినడం కోసమే నేను ఆదివారాలు పొద్దున ఐదింటికి లేస్తాను.

రోటరీ ఇంజన్ మీద ఎన్నో కంపెనీలు చేతులు కాల్చుకుని వదిలేశాయి. మాజ్డా 1967లో కాస్మో స్పోర్ట్‌తో మొదలుపెట్టి పట్టు వదల్లేదు. 1991లో నాలుగు రోటర్ల 787బీ లె మాన్స్ 24 గంటల రేసు గెలిచింది. ఒక జపాన్ కంపెనీకి అక్కడ అదే మొదటి గెలుపు. ఎఫ్‌డీ ఆ పరంపరలో పుట్టిన కారు. అమెరికాలో మూడు మోడల్ సంవత్సరాలే అమ్మారు, సుమారు 14 వేల కార్లు. వాటిలో ఎన్నో ఇప్పటికే గుద్దుకుపోయాయి, కోసేయబడ్డాయి. మిగిలినవాటిలో ఒకటి నీ చేతికొచ్చింది. దాన్ని నిలబెట్టు.

ఐదు పాయింట్ ఏడు (హ్యూస్టన్)

నేను ఎఫ్‌డీలో ఎల్ఎస్1 పెట్టి ఆరేళ్లయింది. కాబట్టి విన్నవి కాకుండా చేతులతో చేసినవే చెబుతాను.

ముందుగా బరువు సంగతి. "వీ8 పెడితే ముక్కు బరువెక్కి కారు పాడవుతుంది" అని అందరూ అంటారు. ఎల్ఎస్1 బ్లాకూ హెడ్లూ రెండూ అల్యూమినియమే. క్యామ్ షాఫ్ట్ (వాల్వులను తెరిచే కడ్డీ) ఒక్కటే, అదీ బ్లాకులో, వీ మధ్యలో ఉంటుంది. హెడ్ల మీద క్యామ్‌లు లేవు కాబట్టి 5.7 లీటర్ల ఇంజన్ అయినా పొట్టిగా, ఇరుకుగా ఉంటుంది. నా కారుకు ఒరిజినల్ బానెట్టే మూసుకుంటుంది. రోటరీతో పాటు రెండు టర్బోలు, ఇంటర్‌కూలర్, ఆ పైపులన్నీ కూడా దిగిపోతాయి, అది మర్చిపోతారు. నాలుగు చక్రాల కింద కాటాలు పెట్టి తూయించాను. ముందు 52 శాతం, వెనక 48 శాతం వచ్చింది.

ఇక పని సంగతి. ఆ తరం కార్వెట్‌లో గేర్‌బాక్స్ ఇంజన్ వెనకాల ఉండదు, వెనక ఇరుసు దగ్గర ఉంటుంది. అందుకని ఇంజన్ కార్వెట్‌దైనా, గేర్‌బాక్స్ మాత్రం 1998-2002 కమారో, ఫైర్‌బర్డ్‌లలో వచ్చిన టీ56 వెతుక్కోవాలి. ఆయిల్ పాన్ కూడా వాటిదే సరిపోతుంది. ఇంజన్‌ను మోసే ముందు సబ్‌ఫ్రేమ్ మారుతుంది. అన్నిటికంటే ముఖ్యం, ఎఫ్‌డీలో గేర్‌బాక్స్‌నూ డిఫరెన్షియల్‌నూ (వెనక చక్రాలకు బలం పంచే గేర్ల డబ్బా) కలుపుతూ పొడుగాటి దూలం ఒకటి ఉంటుంది. దాన్నే పవర్ ప్లాంట్ ఫ్రేమ్ అంటారు. ఇంజన్ మారిస్తే అది పోతుంది. పోయాక డిఫరెన్షియల్ ముక్కు పైకి లేవకుండా దేనికో ఒకదానికి బిగించాలి. నీకు 22 వేలు చెప్పినాయన్ని ఈ ఒక్క ప్రశ్న అడుగు. తడబడ్డాడంటే కారు వెనక్కి తెచ్చేసుకో.

ఇప్పుడు అసలు మాట. నేను ఎఫ్‌డీ నడపడానికి కొన్నాను. రోటరీ ఉన్నప్పుడు ఏడాదికి వెయ్యి మైళ్లు కూడా తిప్పలేదు, ప్రతిసారీ టెంపరేచర్ ముల్లు మీదే కళ్లు. ఇప్పుడు ఆగస్టు ఎండలో ఏసీ వేసుకుని, పక్కన మా ఆవిడను కూర్చోబెట్టుకుని గాల్వెస్టన్ వెళ్లొస్తున్నాను. షెడ్డులో పడి ఉన్న కారుకంటే రోడ్డు మీద తిరిగే కారు నయం కాదా?

ఏపెక్స్ సీల్

అన్నా, మీ పనితనం మీద నాకు గౌరవమే. కానీ "రోటరీ అంటే ఎప్పుడూ చెడిపోతుంది" అన్నట్టు మాట్లాడడం మీద నాకు అభ్యంతరం. ఎఫ్‌డీలు ఎక్కువగా చచ్చిపోయింది వేడి వల్ల, నాటు ట్యూనింగ్ వల్ల. కూలెంట్‌లోంచి గాలి వేరుచేసే నల్ల ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఉంటుంది, అది పగిలి నీళ్లు కారిపోతే డ్రైవర్‌కు తెలిసేసరికే ఆలస్యమైపోతుంది. బూస్ట్ (టర్బో తోసే గాలి ఒత్తిడి) పెంచి, దానికి తగ్గ పెట్రోల్ అందించకపోతే డిటొనేషన్ (పెట్రోల్ అదుపు తప్పి పేలడం) వచ్చి సీల్ విరుగుతుంది. ఆయిల్ సంగతీ అంతే. రోటరీ తన లోపలికే కొంచెం ఆయిల్ చిమ్ముకుంటూ సీళ్లను తడుపుకుంటుంది. ఆయిల్ తగ్గడం దానికి సహజం. అది తెలియక లెవెల్ చూడకుండా నడిపి, తర్వాత ఇంజన్‌ను తిడతారు.

నా కారు రెండో ఇంజన్ మీద పదకొండేళ్లుగా తిరుగుతోంది.

ఆటోనగర్ లేత్ (విజయవాడ)

బాబులూ, నేను ఆ మాజ్డా కారు కళ్లతో చూడలేదు. ఇంజన్లు మార్చడం మాత్రం ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను, చేశాను కూడా. ఒక మాట చెప్పనివ్వండి.

హిందుస్థాన్ మోటార్స్ వాళ్ల కాంటెస్సా మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. చూడ్డానికి రాజాలా ఉండేది. మొదట్లో అందులో అంబాసిడర్ ఇంజనే, 1,489 సీసీ, యాభై గుర్రాలు. అంత బాడీని అది లాగలేక ఆపసోపాలు పడేది. తర్వాత కంపెనీయే ఇసుజు 1.8 ఇంజనూ ఐదు గేర్ల బాక్సూ పెట్టాక బండి బండిలా నడిచింది. ఇసుజు పెట్టినందుకు దాన్ని కాంటెస్సా కాదని ఎవరూ అనలేదు. కాబట్టి ఇంజన్ మార్చడం పాపమని నేను అనను.

ఇంకోటి కూడా చెప్పాలి. ఒకసారి ఒక షావుకారు తన కాంటెస్సా తెచ్చాడు. ఎవరో అందులో జీపు డీజిల్ ఇంజన్ దించారు. మౌంటింగులు బాగానే కట్టారు. కానీ ముందు స్ప్రింగులు పాతవే, బ్రేకులు పాతవే, రేడియేటర్ పాతదే. శ్రీశైలం నుంచి దోర్నాల ఘాట్ దిగుతుంటే పెడల్ మెత్తబడి నేలకు తాకిందట. పిల్లలున్నారు బండిలో. హ్యాండ్ బ్రేకు లాగి, సెకండ్ గేర్‌లోకి దించి, కొండ వైపు ఆనించి ఆపాడు. నా దగ్గరికి వచ్చేసరికి ఎడమ ముందు డోరు మీద ఆ రాయి గీసిన గీత అలాగే ఉంది. ఆ గీత మీద వేలు పెట్టి చూశాను, గోరు దిగేంత లోతు.

బలం పెంచినవాడు ఆపడానికి కూడా ఖర్చు పెట్టాలి. షాపాయన చెప్పిన 22 వేలలో బ్రేకులు, రేడియేటర్, డిఫరెన్షియల్ ఉన్నాయో లేదో రాయించుకో బాబూ.

ఐదు పాయింట్ ఏడు

బాబాయ్ గారు చెప్పింది అక్షరాలా నిజం. 1997 కార్వెట్‌లో ఎల్ఎస్1 345 హార్స్‌పవర్. ఇబ్బందంతా టార్క్‌తోనే (తిప్పే బలం), 474 న్యూటన్ మీటర్లు. ఆ దెబ్బకు ఎఫ్‌డీ ఒరిజినల్ డిఫరెన్షియల్ నా దగ్గర ఏడాదిన్నర నిలబడింది. తర్వాత ఫోర్డ్ 8.8 పెట్టించాను. బ్రేకులు, రేడియేటర్, ఫ్యూయల్ పంపు, వైరింగ్ అన్నీ కలిపి మొదట అనుకున్నదానికి 7 వేలు ఎక్కువైంది.

మియాపూర్ లాన్సర్ (హైదరాబాద్)

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నా దగ్గర 2001 మిత్సుబిషి లాన్సర్ ఉంది. వేగం కోసం చేసిన ఇవో 4, 5, 6 కూడా ఇదే తరం లాన్సర్ మీద కట్టినవే కదా. ఇవోలోని 4జీ63 టర్బో ఇంజన్ తెప్పించి పెడితే ఎలా ఉంటుంది?

ఆటోనగర్ లేత్

వద్దు బాబూ. ఇంజన్ బే వరకు చుట్టరికం ఉంది నిజమే. కానీ ఇవో నాలుగు చక్రాల డ్రైవ్, నీది ముందు చక్రాలది. అడుగు రేకు, వెనక సస్పెన్షన్ అన్నీ వేరు.

దానికంటే ముందు చట్టం ఉంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చినవాటికి తేడా వచ్చేలా బండి మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టం సవరించి, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పెట్టారు. రేపు యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్లు మొదట చూసేది ఇంజన్ నంబరే. అవతలి మనిషికి దెబ్బ తగిలితే ఆ నష్టపరిహారం నీ నెత్తిన పడినా పడొచ్చు. నీ లాన్సర్ ఇంజన్‌నే బోరు చేయించి, హెడ్డు పని శుభ్రంగా చేయించుకో.

ఏపెక్స్ సీల్

చట్టం మాట వచ్చింది కాబట్టి ఇక్కడి సంగతి కూడా. కాలిఫోర్నియాలో 1976 నుంచి వచ్చిన పెట్రోల్ కార్లకు, మరీ కొత్తవి తప్ప, స్మాగ్ (పొగ) పరీక్ష ఉంది. ఇంజన్ మారిస్తే, కొత్తగా పెట్టేది కారు మోడల్ సంవత్సరానిదో, ఆ తర్వాతిదో అయి ఉండాలి. ఆ ఇంజన్‌తో వచ్చిన క్యాటలిటిక్ కన్వర్టర్లు, సెన్సర్లు అన్నీ ఉండాలి. రెఫరీ (ప్రభుత్వం తరఫున తనిఖీ చేసేవాళ్లు) చూసి లేబుల్ అంటిస్తేనే చెల్లుతుంది. టెక్సస్‌లో 1993 కారుకు వయసు దాటిపోయింది కాబట్టి పొగ పరీక్ష లేదు. 2025 నుంచి మామూలు కార్లకు సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ కూడా తీసేశారు. తమ్ముడు రేపు ఉద్యోగం మారి ఇటొస్తే మాత్రం ఈ బాధలన్నీ పడాలి.

గుంటూరు కుర్రాడు

అందరికీ పేరుపేరునా థ్యాంక్స్. రెండు పనులు చేశాను.

ఒకటి, రోటరీకి వాడే ప్రత్యేక గేజ్ ఉన్నాయన దగ్గర కంప్రెషన్ (లోపలి గాలి ఒత్తిడి) చూపించాను. ఒక్కో రోటర్‌కు మూడు ముఖాలు, మొత్తం ఆరు అంకెలు. ఐదు దగ్గర దగ్గరగా ఉన్నాయి, ఒకటి మాత్రం పడిపోయింది. ఎగ్జాస్ట్ పోర్ట్‌లోంచి చిన్న కెమెరా పెట్టి చూస్తే హౌసింగ్ మీద పెద్ద గీతలు కనిపించలేదు.

రెండోది, హ్యూస్టన్ అన్న ఫోన్ చేసి రమ్మన్నారు. ఆదివారం వెళ్లి ఆయన కారు నడిపాను. అన్నా, మీ కారు అద్భుతం. మూడో గేర్‌లో 2,000 దగ్గర కాలు ఆనిస్తే చాలు, వెనక నుంచి ఎవరో ఎత్తి విసిరినట్టు వెళ్లింది. మలుపుల్లో ముక్కు బరువు నాకు అసలు తెలియలేదు, ఆ మాట ఇక్కడ రాయాలి. ట్రాఫిక్‌లో నలభై నిమిషాలు ఆగినా ముల్లు కదల్లేదు.

తిరిగొచ్చేటప్పుడు దారిపొడుగునా ఆలోచించాను. ఆ కారులో నాకు దొరకనిది ఒక్కటే. 6,000 దాటాక పని అయిపోయినట్టు ఉంటుంది. నా కారులో అసలు ఆట అక్కడే మొదలవుతుంది. నేను కారు కొన్నది ఆ చివరి రెండు వేల ఆర్‌పీఎం కోసమే అని నాకు ఆదివారమే అర్థమైంది. రోజూ ఆఫీసుకు వెళ్లడానికి నాకు వేరే కారు ఉంది. రీబిల్డ్ చేయిస్తున్నాను.

ఐదు పాయింట్ ఏడు

మంచిది తమ్ముడూ. నడిపి చూసి తేల్చుకున్నావు, అది చాలు. నా అభిప్రాయం మాత్రం మారలేదు. రోజూ నడపాలనుకునేవాడికి ఇప్పటికీ ఎల్ఎస్1 పెట్టమనే చెబుతాను. ఇంజన్ దింపే రోజు చెప్పు, క్రేన్ తీసుకుని వస్తాను.

ఏపెక్స్ సీల్

ఇంజన్ బయట ఉన్నప్పుడే ఆ ప్లాస్టిక్ డబ్బా పారేసి అల్యూమినియంది వేయించు. వాక్యూమ్ గొట్టాలు ముప్పై ఏళ్ల వేడికి గట్టిపడి పెళుసెక్కి ఉంటాయి. ఒక్కటి కూడా వదలకుండా సిలికాన్‌వి మార్పించు, ఇంజన్ లోపల ఉంటే వాటికి చెయ్యి పట్టదు. ఒరిజినల్ గేజ్ మధ్యలో కదలకుండా ఉండిపోతుంది, దాన్ని నమ్మకు. నీళ్లకు వేరే గేజ్ పెట్టించు. సీళ్లు కుదురుకునేదాకా బూస్ట్ జోలికి వెళ్లకు. హౌసింగులు విప్పాక ఫొటోలు ఇక్కడ పెట్టు, అందరం చూస్తాం.