రామాలయానికి హనుమద్వాహనం చెక్కించడం: దారుశిల్పికి ఏది చెప్పాలి, ఏది ఆయనకే వదిలేయాలి?

కోనసీమ వాసి (ప్రశ్న)

సభ్యులందరికీ నమస్కారం. మా ఊరి రామాలయంలో నవమి ఉత్సవాలకు వాడే హనుమద్వాహనం బాగా పాతబడింది. అతుకులు వదులయ్యాయి, వీపు మీద నిలువునా పగులు వచ్చింది, ఒక చేయి ఇప్పటికే రెండుసార్లు మరమ్మతు చేయించుకుంది. వచ్చే నవమికల్లా కొత్త వాహనం చేయించాలని ఆలయ కమిటీ తీర్మానించి ఆ బాధ్యత నాకు అప్పగించింది. ఇంటి తలుపులు చేయించిన అనుభవం తప్ప శిల్పితో పని చేయించిన అనుభవం నాకు లేదు. తిరుపతి, శ్రీకాళహస్తి ప్రాంతాల్లో, ముఖ్యంగా మాధవమాలలో, కొయ్య శిల్పులు ఉన్నారని విని అటు వెళ్దామనుకుంటున్నాను.

వెళ్లేముందు కొన్ని సంగతులు తెలుసుకోవాలని ఉంది. ఒక పెద్ద దేవస్థానంలోని వాహనం ఫొటో చూపించి అచ్చం అలాగే చెక్కించమని కమిటీలో కొందరు అంటున్నారు, మన పాత వాహనం పోలికే రావాలని పెద్దవాళ్లు పట్టుబడుతున్నారు. శిల్పికి ఫొటో ఇస్తే సరిపోతుందా? ఆయన పని ఎక్కడ మొదలవుతుంది, మధ్యలో మేము ఎప్పుడు చూడాలి, ఎప్పుడు మాట్లాడకూడదు? అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి రథం 2020 సెప్టెంబరులో కాలిపోతే 2021 ఫిబ్రవరి ఉత్సవాలకల్లా కొత్త రథం సిద్ధమైంది కాబట్టి వాహనానికి రెండు నెలలు చాలని కొందరి వాదన. పైగా మాకు దగ్గర్లోని పట్టణంలో ఒకరు సీఎన్‌సీ యంత్రంతో, అంటే కంప్యూటర్ నడిపే చెక్కుడు యంత్రంతో, చాలా తక్కువకు చేసిస్తామంటున్నారు. తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

ఉలి చప్పుడు

కోనసీమ వాసి గారికి నమస్కారం. మాది తిరుపతి వైపు. వాహనాలు, మందిరాలు, సింహద్వారాలు చెక్కడమే మా ఇంటి వృత్తి కాబట్టి పని చేసేవాడి వైపు నుంచి చెబుతాను.

ఫొటో తీసుకురండి, తప్పు లేదు. కానీ ఫొటో చూసి నేను తెలుసుకోగలిగేది మీ ఇష్టాన్ని మాత్రమే, మీ అవసరాన్ని కాదు. నేను మొదట అడిగే ప్రశ్నలు వేరుగా ఉంటాయి. మీ ఉత్సవమూర్తులు ఎంత ఎత్తు, పీఠంతోనూ ప్రభామండలంతోనూ కలిపి ఎంత బరువు? రాములవారు ఒక్కరే వేంచేస్తారా, సీతమ్మవారితో కలిసి వేంచేస్తారా? వాహనాన్ని మోసేవారు ఎంతమంది, వారి భుజాల ఎత్తులు ఇంచుమించు సమానంగా ఉంటాయా? గుడి గుమ్మం ఎత్తు ఎంత, వెడల్పు ఎంత, ఊరేగింపు దారిలో అన్నిటికన్నా ఇరుకైన మలుపు ఎక్కడ ఉంది? మిగతా ఏడాదంతా వాహనం ఎక్కడ ఉంటుంది, అక్కడ వాన జల్లు పడుతుందా? ఇవన్నీ తెలిశాకే బొమ్మ గీస్తాను. గుమ్మంలో పట్టని వాహనాన్ని ఎంత అందంగా చెక్కినా మళ్లీ విప్పవలసిందే.

బొమ్మను కాగితం మీద చిన్నగా గీసి ఊరుకోము. ప్లైవుడ్ పలక మీదో, పనిశాల నేల మీదో సుద్దతో అసలు పరిమాణంలో ఎదుటి రూపాన్నీ పక్క రూపాన్నీ గీస్తాము. శిల్పశాస్త్రంలో ముఖం పొడవును ఒక తాలంగా పెట్టుకుని, దాన్ని 12 అంగుళాలుగా విభజించి, మెడ, ఛాతీ, తొడ, మోకాలు అన్నిటినీ ఆ కొలతతోనే లెక్కిస్తారు. ఆ అంగుళం టేపు మీది అంగుళం కాదు, ముఖాన్ని బట్టి మారుతుంది. ముఖం 9 అంగుళాల టేపు కొలత అనుకుంటే ఒక శిల్పాంగుళం ముప్పావు అంగుళం అవుతుంది. అందువల్ల కమిటీవారు తల కొంచెం పెద్దది చేయండి అని తేలిగ్గా అడిగినప్పుడు మారేది తల ఒక్కటే కాదు, మొత్తం లెక్క మారిపోతుంది. ఆ మాట సుద్ద గీత దశలోనే చెప్పండి. సంతోషంగా తుడిచి మళ్లీ గీస్తాము.

గీసిన తర్వాత అడుగెత్తు బొమ్మను బంకమట్టితో చేస్తాను. ఇది నాకోసమే కాదు, మీకోసం కూడా. గీతలో కనబడనివి మట్టిలో కనబడతాయి. ఒక మోకాలు నేలకు ఆనించి, అరచేతులు ముందుకు చాచి కూర్చున్న హనుమంతుడి మీద స్వామిని వేంచేపు చేసినప్పుడు బరువు భుజాల నుంచి నడుము గుండా పీఠానికి దిగాలి. చేతుల మీద పడకూడదు. మీ పాత వాహనానికి చేయి పదేపదే విరిగిందన్నారు కదా, చేయిని ఒంటితో కలిపి ఒకే దిమ్మలో చెక్కారేమో చూడండి. దిమ్మలో నార, అంటే చెక్కలోని పోగుల వరుస, నిలువుగా పోతుంది, ముందుకు చాచిన చేయి మాత్రం నారకు అడ్డంగా ఉంటుంది. అలాంటి చోట మణికట్టు దగ్గర కొద్దిపాటి దెబ్బకే పుటుక్కున విరుగుతుంది. అందుకే చేతులను, తోకను, కిరీటం పైకొసను విడిగా, నార పొడవునా పోయే చెక్కలోంచి తీసి, కొసను సన్నగా కుసి చేసి ఒంటిలోని బెజ్జంలో బిగిస్తాము. అతుకు గీత కనబడకుండా దాని మీదుగా భుజకీర్తిని చెక్కుతాము.

ఇక ముఖం సంగతి. వాహనాన్ని చూసేవారు కింద నిలబడి చూస్తారు, అదీ చాలాసార్లు రాత్రిపూట దీపాల వెలుగులో. పనిశాలలో నా కళ్లకు ఎదురుగా అందంగా ఉన్న ముఖం భుజాలకెత్తాక ఆకాశం వైపు చూస్తున్నట్టు ఉంటుంది. అందుకని గడ్డాన్ని కొద్దిగా కిందికి వంచుతాను, కనుబొమల కింద లోతు పెంచుతాను, పెదవుల చివర్లు మామూలుకన్నా గట్టిగా తీస్తాను. దగ్గర్నుంచి చూసేవారికి ఇది కాస్త మోటుగా తోచవచ్చు. పని మధ్యలో వచ్చిన కమిటీవారు ముఖం కరుకుగా ఉందనడం మామూలే. అలాంటప్పుడు దిమ్మను ఎత్తైన బల్ల మీదికి ఎక్కించి, తలుపు మూసి, కింద దీపం పెట్టి చూపిస్తాము. అలా చూసిన తర్వాతే అభిప్రాయం చెప్పమంటాను.

మీరు తప్పక రావలసిన సందర్భాలు మూడు: సుద్ద గీత, మట్టి బొమ్మ, బాడిసతో ముతకగా చెక్కి ఆకారం తేల్చిన దిమ్మ. వాటిలో ఏ మార్పు అడిగినా చేస్తాము. ఆ తర్వాత సన్న ఉలి పట్టుకున్నాక మార్చమని అడగకండి, ఎందుకంటే చెక్కలోంచి తీసేయడమే మా పని, తీసిన దాన్ని తిరిగి పెట్టడం కుదరదు. నగలు, వస్త్రపు మడతలు, తోక మెలికలాంటివి శిల్పి చేతికే వదిలేయండి. అక్కడ ఆయన తన తండ్రి దగ్గరో గురువు దగ్గరో నేర్చుకున్న బాణీ ఉంటుంది, దాన్ని ఫొటోకు కట్టేస్తే పనిలో జీవం పోతుంది. కళ్లు మాత్రం ఎప్పుడూ ఆఖరునే తెరుస్తాము.

రథంతో పోలిక గురించి ఒక మాట. రథం చాలామంది వడ్రంగులు ఏకకాలంలో చేయగలిగిన పని, ఒక జట్టు చక్రాలు చేస్తుంటే మరో జట్టు పై అంతస్తులు బిగించవచ్చు. వాహనంలో పీఠాన్నీ మోత కర్రలనూ శిష్యులకు ఇవ్వగలను గాని ముఖాన్ని ఇద్దరు పంచుకోలేరు. కలప సిద్ధంగా ఉంటే నాలుగు నెలలు అడగండి. కలప కొత్తగా కోయించవలసి వస్తే వచ్చే నవమి మాట మరచిపోండి.

కలప డిపో

ఉలి చప్పుడు గారు చివర్లో అన్న మాటను అందరూ గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. చాలాకాలం కలప వ్యాపారంలో ఉన్నాను గనుక దాని గురించే రాస్తాను.

పచ్చి టేకు పూర్తిగా ఎండేసరికి వార్షిక వలయాల వెంబడి నూటికి ఐదారు వంతులు కుంచించుకుపోతుంది. వలయాలకు అడ్డంగా, అంటే నడిబొడ్డు నుంచి బెరడు వైపుకు, అందులో సగమే తగ్గుతుంది. పొడవునా తగ్గేది దాదాపు ఏమీ ఉండదు. ఈ తేడా వల్లనే నడిబొడ్డును లోపల ఉంచుకున్న గుండ్రటి దుంగ ఎండేటప్పుడు తప్పనిసరిగా చీలుతుంది. మీ వాహనం వీపు మీది నిలువు పగులుకు కారణం ఇదే అయివుండాలి. కొనేటప్పుడు దిమ్మ కొసను తడిపి చూడండి, వలయాల కేంద్రం కనబడితే ఆ దిమ్మ వద్దు. బెరడు వైపు ఉండే తెల్లటి లేత కలపకు పురుగు పడుతుంది, అది పూర్తిగా పోయి చేవ, అంటే లోపలి గట్టి కలప, మాత్రమే మిగలాలి. అంగుళం మందం ఆరడానికి ఏడాది అన్నది పాతకాలపు లెక్క. ఇప్పుడు తేమ కొలిచే చిన్న పరికరాలు అందరి దగ్గరా ఉన్నాయి, 12 శాతం దగ్గర ఉంటే మంచిది, మీ తీరప్రాంతపు గాలికి ఒకటి రెండు శాతం ఎక్కువైనా బెంగ లేదు.

బరువు లెక్క కూడా ముందే వేసుకోండి. మూడడుగుల ఎత్తు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర మందం గల దిమ్మ 6.75 ఘనపుటడుగులు అవుతుంది. ఎండిన టేకు ఘనపుటడుగు సుమారు 18 కిలోలు తూగుతుంది కాబట్టి ఆ ఒక్క దిమ్మే 120 కిలోలు. దానికి పీఠం, మోత కర్రలు, పంచలోహ మూర్తులు, అర్చకులు కలిస్తే మోసేవారి భుజాలు తట్టుకోవాలి కదా. అందుకే పలకలను అతికించి లోపల గుల్లగా ఉంచి చెక్కించడం మేలు. ఒంటి దిమ్మతోనే చేయాలనే పట్టుదల ఉంటే, వెనకవైపు నుంచి లోపలి కలప తొలిపించి మూత బిగించమనండి. బరువూ తగ్గుతుంది, పగిలే గుణమూ తగ్గుతుంది.

ఎర్రచందనంతో చేయిద్దామని ఎవరైనా ఉత్సాహపడితే ఒప్పుకోకండి. అది టేకు కన్నా చాలా బరువు, పైగా అటవీశాఖ అనుమతి పత్రాలు లేకుండా దాన్ని కొన్నా తరలించినా నేరం. టేకు విషయంలోనూ కొన్న రసీదు, రవాణా పర్మిట్ ఆలయం పేరున తీసుకుని దస్త్రంలో భద్రపరచండి.

యంత్రం, చేయి రెండూ

నేను హైదరాబాద్‌లో సీఎన్‌సీ యంత్రం నడుపుతున్నాను, కనుక మీ ఆఖరి ప్రశ్నకు నేను జవాబు చెప్పడం న్యాయం. తలుపు పలకల మీది తామరలు, పీఠం చుట్టూ వచ్చే లతలు, ఒకే నమూనా పదేపదే రావలసిన పట్టీలు యంత్రం మీద చక్కగా వస్తాయి. వాటికి యంత్రం వాడితే డబ్బు, సమయం రెండూ ఆదా అవుతాయి. అయితే సాధారణంగా మా దగ్గర ఉండే యంత్రాలలో పనిముట్టు పైనుంచి కిందికి మాత్రమే దిగుతుంది. పొడుచుకు వచ్చిన గడ్డం కిందికో, చెవి వెనక్కో అది వంగి వెళ్లలేదు. నలువైపుల నుంచి చూసే విగ్రహానికి చివరకు చేతి ఉలే కావాలి. యంత్రం చెక్కను చూడదు, నార ఎటు తిరిగితే అటు ఉలిని తిప్పుకోవడం దానికి తెలియదు. పీఠానికి యంత్రం, హనుమంతుడికి శిల్పి అన్నది నా సలహా. ఆ సంగతి శిల్పికి దాచకుండా ముందే చెప్పండి.

ఇంకొకటి, పైన రేకు తాపడం చేయించే ఆలోచన ఉందా? అయోధ్య రామమందిరం తలుపులను బల్లార్షా టేకుతో హైదరాబాద్ సంస్థ తయారుచేయించినప్పుడు చెక్కినవారు తమిళ శిల్పులు, ఆ పైన బంగారు తాపడం వేరే పని. ఇత్తడి లేదా రాగి రేకు వేసేటట్లయితే కింద సన్నని నగిషీ అంతా మరుగునపడుతుంది, శిల్పి గీతలను లోతుగా, విశాలంగా తీయాలి. రంగులే వేస్తామంటే అందుకు వేరే నునుపు కావాలి. కాబట్టి ఈ నిర్ణయం ఉలి పట్టకముందే జరగాలి.

కోనసీమ వాసి

అందరికీ కృతజ్ఞతలు. తాపడం వద్దు, రంగులే వేయిద్దామని కమిటీ నిర్ణయించింది. పాత వాహనం కొసను తడిపి చూశాము, వలయాల కేంద్రం స్పష్టంగా కనబడింది. ఉలి చప్పుడు గారూ, పాత ముఖం పోలిక రావాలన్న పెద్దల కోరికను ఎంతవరకు మన్నించవచ్చు? అడ్వాన్సు ఎలా ఇవ్వడం మర్యాద?

ఉలి చప్పుడు

పెద్దల కోరిక సబబైనదే, నాకు ఫొటో కన్నా పాత వాహనమే ఎక్కువ చెబుతుంది. దాని భుజాల మీద, పీఠం కింద, మోత కర్రలు దూరే చోట అరిగిన గుర్తులు చూస్తే బరువు ఎటు ఒరిగిందో, మోసేవారు ఏ పక్క పొట్టిగా ఉన్నారో తెలుస్తుంది. ముఖానికి మట్టితో అచ్చు తీసుకుంటాను. కనుబొమల వంపు, ముక్కు, నోటి తీరు దాన్నుంచి తీసుకుని ఒంటి కొలతలను మాత్రం కొత్తగా సరిచేస్తాను. ఊరివాళ్లు తమ స్వామి వాహనాన్ని గుర్తుపడతారు.

డబ్బు విషయంలో కలప ఖరీదు మొత్తం ముందే ఇవ్వండి, లేదా కలప మీరే కొనివ్వండి. మజూరీని మట్టి బొమ్మ ఒప్పుకున్నప్పుడు కొంత, ముతక చెక్కడం చూసినప్పుడు కొంత, వాహనం గుడికి చేరి మోసి చూశాక మిగతాది ఇచ్చేలా కాగితం మీద రాసుకోండి. కొలతలు, కలప రకం, అప్పగించే నెల, తొలి ఏడాది అతుకు వదులైతే శిల్పే వచ్చి బిగించాలన్న షరతు అందులో ఉండాలి. పాత వాహనాన్ని పనిశాలకు తెచ్చేముందు అర్చకస్వామితో మాట్లాడి, ఆయన చెప్పిన విధి జరిపించాకే గుడి దాటించండి.