కోరంగిలో లకుముకి పిట్ట: రెక్కలన్నీ అలికేసినట్టు వస్తున్నాయి

ప్రశ్న: కోరంగి మడ అడవిలో బోటు మీంచి లకుముకి పిట్ట నీళ్లలోకి దూకుతుంటే తీశాను. షట్టర్ వేగం సెకనులో 1/500 వంతు. 40 ఫొటోల్లో ఒక్కటీ స్పష్టంగా లేదు, ఏడుపొచ్చింది. ఎడిటింగ్‌లో బాగవుతుందా అండీ?

జవాబు: అంత కదిలింది తిరిగి రాదండీ. షట్టర్ వేగం 1/3200కి పెంచి ఐఎస్‌ఓ (వెలుగుకి కెమెరా స్పందించే స్థాయి) ఆటోలో పెట్టండి. దాంతో ఫొటోలో వచ్చే గ్రెయిన్ (చుక్కచుక్కల గరుకు) తర్వాత తగ్గించుకోవచ్చు.

జవాబు: మాది యానాం. పిట్ట వెంట పడకండి, బెదిరిపోతుంది. ఇంజను ఆపించి, అది మళ్లీ మళ్లీ వాలే కొమ్మ దగ్గర ఓపిగ్గా కూర్చోండి. ఇంకో మాట. వెనక మడచెట్ల చీకటి వల్ల కెమెరా వెలుగు పెంచేసి దాని తెల్లని రొమ్మును సున్నంలా చేసేస్తుంది. ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించి, RAW ఫైల్‌లో (కెమెరా మార్పులు చేయని ముడి ఫైల్) తీయండి. నీడల్ని తర్వాత పైకి తేవచ్చు. పోయిన తెలుపు మాత్రం రాదు.

ప్రశ్న అడిగినవారు: నా ఫొటోల్లో రొమ్ము అచ్చం అలాగే ఉందండీ! ఆదివారం మళ్లీ వెళ్తున్నాను.