డయాలసిస్‌లో ఉన్న నాన్నకు ప్రోకాల్సిటోనిన్ 0.9: ఇది సెప్సిసేనా?

ప్రశ్న: నిన్న డయాలసిస్ మధ్యలో నాన్నకు చలి పుట్టింది, జ్వరం లేదు. ఇన్ఫెక్షన్ ఉందేమో చూసే రక్తపరీక్ష ప్రోకాల్సిటోనిన్ రిపోర్టులో 0.9 పక్కన ఎర్రగా ‘ఎక్కువ’ అని ఉంది. ఇన్ఫెక్షన్ ముదిరి ప్రాణం మీదికి తెచ్చే సెప్సిసేమోనని రాత్రంతా ఆ కాగితమే చూస్తూ కూర్చున్నాను.

జవాబు: ల్యాబ్‌లో పనిచేస్తాను. ‘ఎక్కువ’ అని చూపే ఆ హద్దు మూత్రపిండాలు బాగున్నవారికి పెట్టింది. డయాలసిస్ వాళ్లకు ఇన్ఫెక్షన్ లేకున్నా 0.5 దాటుతుంటుంది. రక్తం ఎప్పుడు తీశారు? డయాలసిస్‌లో వాడే హై ఫ్లక్స్ (పెద్ద రంధ్రాల) ఫిల్టర్ రక్తంలోని ప్రోకాల్సిటోనిన్‌ను కొంత లాగేస్తుంది. డయాలసిస్ తర్వాత తీస్తే అంకె తగ్గి మోసం చేస్తుంది.

అడిగినవారు: ముందే తీశారు. బాగున్నప్పటి పాత రిపోర్టులో 0.7.

మరో జవాబు: అంకె కన్నా ఆ చలే నన్ను కలవరపెడుతోంది. డయాలసిస్ కోసం మెడలో క్యాథెటర్ (రక్తనాళంలోకి పెట్టే గొట్టం) ఉందా? డయాలసిస్ వాళ్లకు జ్వరం రాకుండానే ఇన్ఫెక్షన్ ముదరవచ్చు. ఇప్పుడే ఆసుపత్రికి వెళ్లండి. యాంటీబయాటిక్‌కు ముందే బ్లడ్ కల్చర్ (రక్తంలో క్రిములు ఉన్నాయేమో పెంచి చూసే పరీక్ష) తీస్తారేమో అడగండి.

అడిగినవారు: క్యాథెటరే. బయలుదేరుతున్నాం.