అక్క సీమంతానికి 35 సంచులు, చేతికుట్టు, 1,500 రూపాయలు: అయ్యే పనేనా?

సూదిమొన అడిగింది:

అక్కకి ఏడో నెల. ఇంకో మూడు వారాల్లో ఖమ్మంలో మా ఇంట్లోనే సీమంతం. పేరంటానికి వచ్చేవాళ్లు 35 మంది. గాజులు, పసుపు కుంకుమ, వక్క పెట్టి ఇవ్వడానికి చిన్న సంచులు నేనే కుడతానని నోరు జారాను. అమ్మ ఆ సాయంత్రమే చుట్టాలందరికీ ఫోన్ చేసి చెప్పేసింది. ఇక వెనక్కి తగ్గే దారి లేదు.

నేనుండేది హైదరాబాద్‌లో, బీఈడీ హాస్టల్లో. మిషన్ లేదు. సూది పట్టడం అంటే స్కూల్లో నేర్పిన కాడకుట్టు, గొలుసుకుట్టు, ఊడిన గుండీ కుట్టుకోవడం. అంతవరకే.

చేతిలో ఉన్న సరుకు ఇదీ. అమ్మ బీరువాలోంచి తెచ్చుకున్న 19 జాకెట్టు గుడ్డలు, అన్నీ ఎవరో ఒకరు తాంబూలంలో పెట్టినవే, ఒక్కటీ కుట్టించుకోలేదు. నాయనమ్మ వంకాయరంగు పట్టుచీర ఒకటి. వాడి వాడి మెత్తబడిన నూలు చీరలు మూడు. ఇవి కాక ఎర్రగడ్డ ఆదివారం సంతలో ఒక్కోటి 80 రూపాయలకి బేరమాడి కొన్న పాత జీన్స్ మూడు. ఒకటి నాకు సరిపోయింది, రెండు పిక్కల దగ్గరే ఆగిపోయాయి. ఖర్చు పెట్టగలిగింది 1,500.

పట్టుచీర కోసి సంచులు చేస్తే బాగుంటాయని నా ఊహ. పాడైపోకుండా కొయ్యడం ఎలాగో చెప్పండి. జీన్స్‌తో బావకి ఏదైనా చెయ్యొచ్చా?

పెద్దవదిన:

అమ్మాయీ, కొత్తలో ఒక్కో సంచికి గంట పడుతుంది. 35 గంటలు. చదువు మానుకుని కూర్చుంటావా? బేగంబజారు వెళ్లి రెడీమేడ్‌వి తెచ్చుకో, హాయిగా నిద్రపో. ఇంకో మాట, కట్టి విడిచిన చీరలో పసుపు కుంకుమ పెట్టి ఇస్తే మా అత్తగారి లాంటివాళ్లు ఊరుకోరు. సంచి అక్కడే తిరగేసి చూస్తారు.

కత్తెర మేస్త్రి:

వదినగారి రెండో మాటకి నా ఓటు, మొదటిదానికి కాదు. తెనాలిలో 38 ఏళ్లు ఆడవాళ్ల బట్టలు కుట్టినవాణ్ని, చెప్తున్నా విను తల్లీ.

ముందు ఆ పట్టుచీర జోలికి పోకు. దాన్ని విప్పి, మడత పడ్డ గీత దగ్గర కిటికీ వెలుతురుకి ఎదురుగా పట్టుకో. సన్న జల్లెడలా చుక్కలు చుక్కలుగా వెలుతురు కనబడిందా, చివికిపోయిందన్నమాట. అక్కడే రెండు బొటనవేళ్ల మధ్య పట్టి మెల్లిగా లాగు. చర్రుమంటే ఇక దానికి సూది తగలనివ్వకు. కుట్టు గట్టిగానే ఉంటుంది, కుట్టు పక్కనున్న బట్ట చిరుగుతుంది. పట్టు ఏళ్ల తరబడి ఒకే మడతలో పడి ఉంటే తెగేది ఆ మడత మీదే. అందుకే పెద్దవాళ్లు ఏడాదికోసారి చీరలు తీసి మడత మార్చి పెట్టేది. ఇంకొకటి, నాయనమ్మ నాటి చీర అంటున్నావు, జరీలో వెండి ఉండొచ్చు. ‘పాత పట్టుచీరలు కొంటాం’ అంటూ వీధుల్లో తిరిగేవాళ్లు ఊరికే తిరగరు. కత్తెర పెట్టకముందే తెలిసిన కంసాలికి చూపించు.

నీ సంచులకి జాకెట్టు గుడ్డలే సరి. అవి ఎవరూ కట్టినవి కావు, కొత్తవే, ఏ అత్తగారూ తప్పు పట్టరు. 19 కూడా అక్కర్లేదు, లెక్క చూడు. మామూలు గుడ్డ 80 సెంటీమీటర్లు, అంటే 31 అంగుళాలకి కొంచెం పైన. పన్నా, అంటే గుడ్డ వెడల్పు, 36 అంగుళాలు అనుకో. 15 న్నర పొడవు, 9 వెడల్పున ముక్కలు కోస్తే ఒక గుడ్డకి 8 వస్తాయి. అయిదు గుడ్డలకి 40. పాడయ్యేవి అయిదు పోయినా నీ 35 నీకుంటాయి.

ఆ అయిదూ నూలువై ఉండాలి. అంచు నుంచి ఒక పోగు లాగి, నీళ్లు పోసిన పళ్లెం మీద పట్టుకుని అగ్గిపుల్లతో ముట్టించు. కాగితం కాలిన వాసన వచ్చి బూడిద రాలితే నూలు. వెంట్రుక కాలిన కంపు కొడితే పట్టు. ముడుచుకుని గట్టి పూసలా తయారైతే పాలిస్టరు. పాలిస్టరు అంచులు చేతికుట్టుకి లొంగవు, పోగులు జారిపోతూనే ఉంటాయి. కొత్తదానివి, నీకెందుకా గొడవ?

ముక్కని మధ్యకి మడిచి రెండు పక్కలా కుట్టు. ఉత్త టాకాలు వద్దు. సూది ముందుకి రెండడుగులు, వెనక్కి ఒకటి, అలా వెయ్యాలి. గాజుల బరువుకి టాకా కుట్టు విచ్చుకుంటుంది. పైన మాత్రం రెండు పక్కలా రెండున్నర అంగుళాలు కుట్టకుండా వదిలెయ్, చాలామంది తప్పేది ఇక్కడే. ఆ వదిలిన అంచుల్ని సన్నగా లోపలికి మడిచి కుట్టాక, పై అంచుని అంగుళంపావు లోపలికి తిప్పి లంగా బొందు మడతలా కుట్టు. కిందికి మిగిలే చీలిక చూసి కంగారు పడకు, సంచి మూతి తేలిగ్గా తెరుచుకునేది దానివల్లే. తయారైన సంచి ఎనిమిది అంగుళాల వెడల్పు, ఆరున్నర ఎత్తు ఉంటుంది. 2-6 గాజులంటే రెండంగుళాల మీద పదహారింట ఆరు వంతులు, అంటే రెండున్నర లోపే. ఒక డజను సులువుగా పడతాయి.

బొందులు రెండు కావాలి. ఒకటి కుడిపక్క నుంచి ఎక్కించి చుట్టూ తిప్పి మళ్లీ కుడిపక్కే తియ్యి. రెండోది ఎడమ నుంచి ఎడమకి. రెండువైపులా లాగితే మూతి బిగుసుకుంటుంది. ఒకటే బొందు వేస్తే ఒకవైపు ముడుచుకుని రెండోవైపు నోరు తెరుచుకుంటుంది. ఎక్కించడానికి పిన్నీసు చాలు. ఒక్కో బొందు 22 అంగుళాలు. మొత్తం 35 సంచులకి దగ్గర దగ్గర 40 మీటర్లు. నీ ఖర్చంతా ఇక్కడే, గుడ్డ ఎలాగూ ఊరికే వచ్చింది.

ఒక్కో సంచీ మొదలెట్టి పూర్తిచెయ్యకు. అన్నీ ఒకేసారి కొయ్యి, అన్నిటికీ పక్కకుట్లు వెయ్యి, తర్వాత అన్నిటికీ మూతి మడత పెట్టు. మా కొట్లో పని నడిచేది ఇలాగే. పది దాటాక చెయ్యి తిరిగి గంట పని అరగంటలో పడుతుంది.

జీన్స్ సంగతి. కాలు పుట్టుకతోనే గొట్టం. కింది మడత నుంచి పైకి 14 అంగుళాలు కొలిచి కోసెయ్. ఆ మడతే సంచి మూతి, అక్కడ నువ్వు కుట్టేదేం లేదు. తిరగేసి కోసిన వైపు కుట్టేస్తే లీటరు నీళ్లసీసా పట్టే సంచి. నడుముపట్టీ విప్పి పిడి చేసుకో. కుట్లు నాలుగు మడతలు కలిసిన చోట సూది దిగదు, అక్కడ బట్టని రోకలిబండతో నాలుగు దెబ్బలు కొట్టు, మెత్తబడుతుంది. దబ్బనం మాత్రం వాడకు, కన్నాలు పడతాయి. కొయ్యకముందు వేణ్నీళ్లలో ఉతికి ఎర్రటెండలో తిరగేసి ఆరెయ్యి. సంత బట్ట కదా, కుట్ల సందుల్లో నల్లులుంటే ఉంటాయి.

బొంత మల్లక్క:

చెల్లే, మేస్త్రి సంచుల ముచ్చట చెప్పిండు, నూలు చీరల ముచ్చట ఇడిసిపెట్టిండు. గవ్వి బొంతకు పెట్టు. మాది మెదక్ దిక్కు. పుట్టినోనికి ముందుగాల పాత బట్టనే తొడుగుతం, కొత్తది తర్వాతనే. మీ ఇంట్ల పెద్దోళ్లను ఒకసారి అడుగు, కాన్పు కాకముందు కుట్టొద్దనేటోళ్లు గూడ ఉంటరు. గట్లయితే ఉతికి పెట్టుకో, తర్వాత కుట్టు.

పిల్లల బొంత గజం పొడువు, 30 అంగుళాల ఎడల్పు ఉంటే మస్తు. నాలుగు పొరలు. బాగ చినిగింది నడుమ ఎయ్యి, మంచిగున్నది పైనా కిందా. బండ మీద పరిచి, చేతితోని నడుమల కెళ్లి అంచుల దిక్కు దులుపుకుంట పో. మూలలకు నాలుగు ఇటుకలు పెట్టు. జాన జానకు కచ్చ కుట్టు ఎయ్యి, అదైనంక ఇటుకలు తీసి ఒళ్లో పెట్టుకో. నిలువుగ అంగుళానికో వరుస ఏస్తే 30 వరుసలు. రోజుకు మూడు వరుసలు కుట్టినా పది దినాల్ల అయితది. పొరలన్నిట్లకెళ్లి సూది దిగిందా లేదా వరుసవరుసకు తిప్పి చూడు. నేను తొలిసారి చూడలే. బొంత నా తొడ మీది చీరెతోని కలిసి కుట్టువడ్డది. లేస్తే అదీ లేసింది.

ముడులు పైకి పెట్టకు, పొరల నడుమకు గుంజు. పసిపిల్ల ఒంటికి గుచ్చుకుంటయ్. అద్దాలు, పూసలు అసలే వద్దు.

డాలస్ పరికిణీ:

నాదో చిన్న మాట. ఇక్కడ నేను గుడ్డ కొట్టుకి వెళ్లను, పాత సామాన్ల దుకాణంలో దుప్పట్ల వరస దగ్గరికి వెళ్తాను. పెద్ద మంచానికి వేసే దుప్పటి 90 అంగుళాలకి 102, నూటికి నూరు నూలైతే ఆ మాట అంచు మీదే రాసి ఉంటుంది, అగ్గిపుల్ల అక్కర్లేదు. మా పాప పరికిణీ లోపలి లైనింగు అంతా అదే. ఇండియాలో కూడా అరిగిన దుప్పట్లో కాళ్లవైపు బట్ట గట్టిగానే ఉంటుంది, చిరిగేది మధ్యలోనే. ఉప్పునీళ్లలో నానబెడితే రంగు ఆగుతుందని మా అమ్మ చెప్పేది. నాకెప్పుడూ ఆగలేదు. నీళ్లు తేరేదాకా విడిగా ఉతకడం ఒక్కటే చేస్తాను.

సూదిమొన:

అందరికీ థ్యాంక్స్. సీమంతం నిన్న అయింది, అందుకే ఇప్పుడు రాస్తున్నా.

మేస్త్రి బాబాయ్ గారూ, పట్టుచీర మడత దగ్గర లాగి చూశాను. చర్ర్. మీరు చెప్పకపోతే 35 ముక్కలు చేసేదాన్ని. ఖమ్మంలో కంసాలి అంచు చూసి, వెండి ఉంది, కొయ్యొద్దన్నాడు. అమ్మ మళ్లీ బీరువాలోనే పెట్టింది, ఈసారి మడత మార్చి.

19 గుడ్డల్లో నూలువి ఏడే తేలాయి. పోగు కాల్చకముందే తొందరపడి ఒక పచ్చ గుడ్డ మీద ఇస్త్రీ పెట్టాను. అది పెట్టెకి అంటుకుపోయి కూర్చుంది. హాస్టల్ ఇస్త్రీపెట్టె. వార్డెన్ మేడమ్‌కి 36వ సంచి ఇచ్చి రాజీ చేసుకున్నా.

తెల్ల నూలు బొందు 40 మీటర్లు 160 రూపాయలు, దారాలు, సూదులు 90. మిగతాదంతా గాజులకే వెళ్లింది. మొదటి సంచికి గంటా పది నిమిషాలు, చివరిదానికి 25. పెద్దవదిన గారూ, మీ అత్తగారి లాంటావిడ మా పేరంటంలోనూ ఒకావిడ ఉంది. నిజంగానే తిరగేసి చూసింది. చూసి, పక్కావిడ సంచి కూడా తిరగేసింది. ఆ తర్వాత బొందు ఎలా ఎక్కించావని అడిగింది.

బావ సీసా సంచి బాగా వచ్చింది కానీ పిడి వంకర. మల్లక్కా, బొంత ఇంకా 11 వరుసల దగ్గరే ఉంది, మా వాళ్లు ఆపమనలేదు, నేనే వెనకబడ్డాను.

ఒకటి చెప్పడం మర్చిపోయా. గుడ్డలు కోస్తుంటే మూలల్లో బాల్‌పెన్నుతో చిన్న చిన్న అక్షరాలు కనిపించాయి. ‘ల’, ‘ప’, ‘సు’. అమ్మనడిగితే ఎవరు పెట్టిన గుడ్డో గుర్తుకి రాసుకుంటుందట, మళ్లీ వాళ్లకే పెట్టకుండా. మరి ఒక మెరూన్ గుడ్డ మీద ‘ల’ పక్కనే ఇంకెవరిదో చేతిరాతలో ‘వి’ ఉంది. మా అమ్మ పేరు విజయ.

ఆ మూల ముక్కతో కుట్టిన సంచి లక్ష్మత్తకి వెళ్లకుండా నేనే దాచుకున్నా.