టాప్ విప్పితే తప్పేంటి? స్టాండర్డ్ హెరాల్డ్‌ని ఓపెన్ కారు చేయాలా, వద్దా

విశాఖ హెరాల్డ్:
అందరికీ నమస్కారం. మా పెదనాన్నగారి 1967 స్టాండర్డ్ హెరాల్డ్, రెండు తలుపులది, ఇప్పుడు నా చేతికొచ్చింది. ఎంవీపీ కాలనీలో ఇంటి వెనక రేకుల షెడ్డులో, టార్పాలిన్ కింద ఏళ్ళ తరబడి పడి ఉంది. ఇంజన్ బిగుసుకుపోలేదు, చేత్తో తిప్పితే తిరుగుతోంది. నాకు మెకానిక్ పని రాదు. బైకు ప్లగ్గు మార్చడం వరకే మన విద్య. అయినా షెడ్డుకి అప్పజెప్పకుండా, ఆదివారాలు ఇంట్లోనే కూర్చుని మెల్లగా చేసుకుందామని ఆశ.

అసలు ప్రశ్న ఇది. ఈ బండి టాప్‌ని వెల్డింగ్ చేయలేదు, బోల్టులతో బిగించారు. మద్రాసులో తయారైనా ఇది ఇంగ్లండు ట్రయంఫ్ హెరాల్డే కదా, అక్కడ 1960 నుంచే దీన్ని ఓపెన్ టాప్‌లో కూడా అమ్మారు. నేను కూడా టాప్ విప్పేసి, మడత పెట్టే రెక్సిన్ హుడ్ పెట్టుకుని బీచ్ రోడ్డులో తిప్పుకుంటే తప్పేంటి? తమ్ముడు చేసేయమంటున్నాడు. నాన్న ససేమిరా అంటున్నారు. మీరేమంటారు?

పాత ఇనుము:
నాన్నగారి మాట వినండి. అరవైల్లో మన రోడ్ల మీద కారంటే అంబాసిడర్, ఫియట్, హెరాల్డ్. మొదటి రెండూ ఇప్పటికీ ఎక్కడో ఒకచోట కనిపిస్తాయి. హెరాల్డ్‌ని ఎప్పుడు చూశారో గుర్తుందా? 1961లో మొదలై డెబ్బైల మొదట్లో ఆగిపోయిన బండి అది. మిగిలిన కొన్నిటిని కూడా ఒకడు టాప్ కోసి, ఒకడు మారుతి ఇంజన్ ఎక్కించి పాడు చేశారు. ఆ బాడీ గీసింది ఇటలీ డిజైనర్ మికెలొట్టి. ఆ పల్చటి టాపు, సన్నటి స్తంభాలు, పెద్ద అద్దాలు, అందమంతా అక్కడే ఉంది. దాన్నే తీసేస్తానంటే ఏం చెప్పాలి?

ఇంకో మాట. 50 ఏళ్ళు దాటిన బండికి 2021 నుంచి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తున్నారు, ‘వీఏ’ అక్షరాలతో నంబరు. ఫీజు 20,000. కానీ బాడీ, ఛాసిస్ (బాడీ కింద ఉండే ఇనప చట్రం), ఇంజన్ మార్చకుండా అసలు రూపంలో ఉంటేనే. టాప్ తీశారా, ఆ దారి మూసుకుపోయినట్టే.

గాలి రాజు:
ఇనుము గారూ, మీరు కారుని అద్దాల బీరువాలో పెట్టే రకం. ఆయన తిప్పుకుంటానంటున్నాడు.

కోయడం వేరు, విప్పడం వేరు. ఇక్కడ రంపం లేదు, గ్యాస్ కట్టర్ లేదు. ఫ్యాక్టరీ వాడే బోల్టు పెట్టాడు, మనం పానాతో విప్పుతున్నాం. రేపు బుద్ధి పుడితే మళ్ళీ బిగించుకుంటాం. ఇందులో పాడైందేముంది? పైగా ట్రయంఫ్ వాళ్ళే ఓపెన్ మోడల్ చేశారు, అంటే డిజైన్‌లో ఉన్నదే. నేనైతే ఈ ఆదివారమే విప్పేస్తాను.

నల్లకోటు:
విప్పండి, కానీ రోడ్డెక్కే ముందు ఆర్‌సి తీసి చూడండి. అందులో బాడీ రకం అని ఒక గడి ఉంటుంది. సెలూన్, అంటే గట్టి ఇనప టాప్ ఉన్న కారు, అని ఉంటే బండి సెలూన్‌గానే ఉండాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెప్పేది ఇదే: తయారీదారు ఇచ్చిన వివరాలు ఆర్‌సిలో ఎలా ఉన్నాయో వాటికి తేడా వచ్చేలా మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగానే చెప్పింది. అదే ఏడాది చట్టాన్ని సవరించి, అనుమతి లేని మార్పుకి ఓనరుకే శిక్ష పెట్టారు: ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. ఇంగ్లండులో ఓపెన్ మోడల్ అమ్మారన్న వాదన మన బ్రేకు ఇన్‌స్పెక్టరు దగ్గర నిలబడదు. ఆయన చూసేది మీ ఆర్‌సిని, ట్రయంఫ్ కేటలాగుని కాదు. ఇక యాక్సిడెంటు అయితే ఇన్సూరెన్సు వాళ్ళకి ఇంతకంటే మంచి సాకు దొరకదు.

అలాగని ఇనుము గారు చెప్పిన వింటేజ్ నంబరు కూడా వరమేమీ కాదు. ఆ రిజిస్ట్రేషన్ మీద బండిని రోజువారీగా తిప్పకూడదు. ప్రదర్శనకి, ర్యాలీకి, పెట్రోలు కోసం, రిపేరు కోసం బయటికి తీయొచ్చు, అంతే. బీచ్ రోడ్డు షికారు అందులో లేదు. పాత ఆర్‌సినే ఫిట్‌నెస్ చేయించి అయిదేళ్ళకోసారి రెన్యువల్ చేసుకోవడం మీ అవసరానికి నయం. ఫీజు ఈమధ్య బాగా పెంచారు, అది వేరే బాధ.

గాలి రాజు:
లాయరు గారూ, మరి జీపుల సంగతేంటి? ఊళ్ళో సగం జీపులు టాప్ లేకుండానే తిరుగుతాయి.

నల్లకోటు:
గుడ్డ టాప్‌తోనే రిజిస్టరైన జీపుకి గుడ్డ తీస్తే బాడీ రకం మారదు. ఇనప టాప్ ఉన్న సెలూన్‌కి ఆ టాప్ తీస్తే మారుతుంది. ఇక ఎవరూ పట్టుకోవట్లేదు కదా అంటే, అది చట్టం ప్రశ్న కాదు, మీ ధైర్యం ప్రశ్న.

ఆటోనగర్ బాబాయ్:
అబ్బాయ్, బెజవాడ ఆటోనగర్‌లో తల నెరిసినవాణ్ణి, ఒక మాట చెప్తా విను. పునాది ఉందో లేదో తెలియని ఇంటికి పైకప్పు పెంకులా రేకులా అని కొట్టుకుంటున్నారు మీరంతా.

టాప్ సంగతి తర్వాత. ముందు జాకీ ఎత్తి ముందు చక్రాల దగ్గర చూడు. జాకీని ఒక్కదాన్నే నమ్ముకుని కిందికి దూరకు, స్టాండులు వేసుకో. హెరాల్డ్‌కి బానెట్టు మొత్తం, మడ్‌గార్డులతో సహా, ముందుకి వాలిపోతుంది. తలుపుల ముందు రెండు పక్కలా గొళ్ళేలుంటాయి, అవి తీసి ఎత్తడమే. టైరు మీద కూర్చుని పని చేసుకోవచ్చు. కొత్తవాడికి ఇంతకంటే వీలైన బండి లేదు. ఆ కూర్చున్న చోటు నుంచే కిందికి చూస్తే, చక్రాన్ని పట్టుకుని నిలువుగా ఒక ఉక్కు కడ్డీ కనిపిస్తుంది. దాని కింది కొసకి మరలుంటాయి. ఆ కొస ఒక ఇత్తడి రంగు ముక్కలోకి దిగి ఉంటుంది. దాన్ని ట్రనియన్ అంటారు. నువ్వు స్టీరింగ్ తిప్పినప్పుడల్లా ఆ కడ్డీ ఈ మరల్లోనే తిరుగుతుంది. బండి ముందు బరువు పడేది కూడా దాని మీదే.

దానికి పోయాల్సింది గ్రీజు కాదు, ఆయిలు. గేర్లకి వాడే ఈపీ 90. కంపెనీ మాన్యువల్‌లో ఉన్నదీ అదే. కానీ మన షెడ్లలో గ్రీజు గన్ను చేతిలో ఉంటే నిపిల్ కనిపించిన ప్రతిచోటా కొట్టేయడం అలవాటు. గ్రీజు ఆ సన్న మరల్లోకి సరిగ్గా దిగదు. పై నుంచి నీళ్ళు దిగుతాయి, లోపల తుప్పు పడుతుంది, ఉక్కు కడ్డీ గుంటలు పడి ఒకరోజు పుటుక్కున విరుగుతుంది. అలా విరిగిన హెరాల్డ్‌ని మా షెడ్డుకి తెచ్చారొకసారి. చక్రం మడతపడి మడ్‌గార్డు కిందికి వెళ్ళిపోయింది. సందులో పార్కింగ్ చేస్తూ స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు జరిగింది కాబట్టి బతికారు. అదే హైవే మీద అయితే?

విప్పి, కిరోసిన్‌తో కడిగి, మరలు వేలితో తడిమి చూడు. గరుగ్గా, గుంటలుగా తగిలితే మొహమాటం లేకుండా పారేయ్. ఎడమదీ కుడిదీ కలపకు, మరలు ఒకదానికొకటి ఎదురు. ఇది అయ్యాక ఛాసిస్. మెయిన్ ఛాసిస్ నుంచి పక్కలకి పొడుచుకొచ్చే ముక్కలు, అవుట్‌రిగ్గర్లు, బాడీ కూర్చునేది వాటి మీదే. వైజాగ్ ఉప్పుగాలికి అవి మిగలడం కష్టం. స్క్రూడ్రైవర్‌తో పొడువు. దిగబడితే నీకు వెల్డింగ్ పనుంది. పాత రేకు మీద కొత్త రేకు అతికించి, పైన లప్పం పూసి, నల్ల పెయింటు కొడతామనేవాడి దగ్గరికి వెళ్ళకు.

ఇంట్లో చేసుకోవచ్చా అంటే చేసుకోవచ్చు. విప్పడం, కడగడం, బ్రేకులు, వైరింగు నువ్వే చేసుకో. వెల్డింగ్ మాత్రం తెలిసినవాడితో చేయించు. అందులో నామోషీ ఏం లేదు.

విశాఖ హెరాల్డ్:
బాబాయ్ గారూ, చదువుతుంటేనే టెన్షన్ వచ్చేసింది. రేపే చూస్తాను.

డల్లాస్ గ్యారేజ్:
బాబాయ్ చెప్పిన వరసే సరైంది. నా దగ్గరున్నది ఎంజీబీ అనే బ్రిటిష్ ఓపెన్ కారు, 1970ది. అది ఫ్యాక్టరీ నుంచే ఓపెన్‌గా వచ్చింది, కానీ దానికి విడిగా ఛాసిస్ లేదు. తలుపుల కింద ఉండే సిల్లులే బండి నడుముని నిలబెడతాయి. ఇక్కడ కొత్తగా దిగేవాళ్ళు తుప్పు పట్టిన సిల్లులు కోసేస్తారు, ముందుగా తలుపు సందులో ఇనప రాడ్డు అడ్డంగా వెల్డ్ చేయరు. బండి మధ్యలో కుంగిపోతుంది, కొత్త సిల్లు వేశాక తలుపు పట్టదు. అలాంటి బండ్లు చవగ్గా అమ్మకానికి వస్తుంటాయి, ఎందుకో ఫొటోలో తలుపు సందు చూస్తేనే తెలిసిపోతుంది.

ఆ విషయంలో మీరు అదృష్టవంతులు. హెరాల్డ్‌కి ఛాసిస్ వేరు, సిల్లులు బోల్టు మీద వచ్చేవి. టాప్ తీసినంత మాత్రాన బండి విరగదు, రాజు గారి మాట అంతవరకు నిజం. కాకపోతే టాప్ ఉన్నప్పుడు బాడీకి కొంత బిగువునిస్తుంది. తీశాక గతుకుల రోడ్డు మీద డ్యాష్‌బోర్డు వణుకుతుంది, తలుపు సందుల్లో తేడా వస్తుంది. ఛాసిస్‌కీ బాడీకీ మధ్య బోల్టుల దగ్గర ప్యాకింగ్ ముక్కలుంటాయి. తలుపుల సందు సరిచేసేది అవే. ఏ బోల్టు కింద ఎంత మందం ఉందో ఫొటో తీసి, కవర్లో వేసి, పేరు రాసిపెట్టుకోండి. అన్నీ ఒకే డబ్బాలో పడేశారా, ఆ తర్వాత తలుపులతో కుస్తీయే.

సామాను బ్రిటన్‌లో ఇప్పటికీ దొరుకుతుంది. ట్రయంఫ్ స్పోర్ట్స్ సిక్స్ క్లబ్ అని హెరాల్డ్ వాళ్ళ క్లబ్బే ఉంది. కస్టమ్స్ సుంకం లెక్కేసుకుని ఆర్డరివ్వండి. హుడ్ ఫ్రేము, విండ్‌స్క్రీన్ పైన రావాల్సిన పట్టీ కూడా అక్కడి నుంచే తెప్పించాలి. రెక్సిన్ కుట్టించడం మన దగ్గర సులువే, ఆ ఫ్రేము లేకుండా కుట్టించింది మాత్రం గొడుగుకి కూడా పనికిరాదు.

స్టీరింగ్ సుజాత:
మా నాన్నగారికి కాకినాడలో హెరాల్డ్ ఉండేది, నేను డ్రైవింగ్ నేర్చుకున్నది దాని మీదే. ఎవరూ అనని మాట ఒకటి అంటాను. ఈ బండి వెనక చక్రాలకి స్వింగ్ యాక్సిల్, అంటే ఇరుసు మధ్యలో కీలు మీద పైకీ కిందికీ ఊగుతుంది, దాంతోపాటే చక్రమూ వాలుతుంది. మలుపులో స్పీడుగా వెళ్తూ భయపడి యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే, వెనక భాగం పైకి లేచి చక్రం లోపలికి ముడుచుకుంటుంది. అప్పుడు బండి తిరిగిపోవచ్చు, బోల్తా కూడా పడొచ్చు. సీటు బెల్టు లేదు. టాప్ కూడా లేకపోతే తల మీద ఏముంది? భీమిలి దారి మలుపుల్లో ఒక్కసారి ఊహించుకోండి.

ఆ టాపు రోల్‌కేజ్ (బోల్తా పడినా తలని కాపాడే ఇనప పంజరం) ఏమీ కాదని నాకూ తెలుసు. అయినా ఉన్నదాన్ని తీసేయడం నాకు నచ్చదు. ఇంకోటి, ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. పాత రబ్బరు పైపులు మెత్తబడి కారతాయి. హుడ్ కొనే డబ్బుతో ముందు పెట్రోలు పైపులన్నీ ఇథనాల్‌కి తట్టుకునేవి వేయించండి. ట్యాంకులో పాత పెట్రోలు ఉంటే షెడ్డు లోపల కాదు, బయట గాలిలో తీయండి.

గాలి రాజు:
సుజాత గారూ, బోల్తా గురించి అంత భయముంటే బైకు కూడా ఎక్కకూడదు. నెమ్మదిగా నడిపేవాడికి స్వింగ్ యాక్సిల్ ఏం చేస్తుంది?

స్టీరింగ్ సుజాత:
ఓపెన్ కారు కొన్నవాడు నెమ్మదిగా నడుపుతాడా రాజు గారూ?

పాత ఇనుము:
ఇదీ మాట. పైగా మే నెల వైజాగ్ ఎండలో టాప్ లేకుండా మధ్యాహ్నం ఎవరు తిరుగుతారు, వానాకాలం మూడు నాలుగు నెలలు ఎవరు తిరుగుతారు? మిగిలిన సాయంత్రాలు కొన్నిటి కోసం బండి రూపం మార్చాలా?

విశాఖ హెరాల్డ్:
చూశాను. ఎడమ పక్క ముందు అవుట్‌రిగ్గర్‌లో స్క్రూడ్రైవర్ పిడి దాకా దిగింది. కుడివైపు నయం, తుప్పు పొట్టు మాత్రం రాలింది. ట్రనియన్ చుట్టూ పాత గ్రీజు నల్లగా రాయిలా గట్టిపడి ఉంది, బాబాయ్ గారు చెప్పినట్టే. బ్యాటరీ వైర్లు చూస్తే ప్లస్ బాడీకి వెళ్తోంది, అది తప్పుగా పెట్టారా?

ఆర్‌సిలో బాడీ గడిలో సెలూన్ అనే ఉంది.

ఆటోనగర్ బాబాయ్:
తప్పు కాదు, ఆ కాలం లూకాస్ కంపెనీ వైరింగు అలాగే ఉండేది. తెలియక ఇప్పటి పద్ధతిలో మైనస్ బాడీకి తగిలించి స్విచ్ వేయకు. ఎడమ అవుట్‌రిగ్గర్ మార్చేటప్పుడు టాప్ ఉంచే చెయ్. తలుపులు వేసి, సందు చూసుకుంటూ వెల్డ్ చేయించు. టాప్ తీసి వెల్డ్ చేస్తే బాడీ ఎటు కూర్చుందో నీకు కొలత దొరకదు.

డల్లాస్ గ్యారేజ్:
వెల్డింగ్ పూర్తయ్యేదాకా టాప్ ఉండాలనేది నా మాట కూడా. ఆ తర్వాత సంగతి ఆర్‌సి, మీరు, మీ నాన్నగారు తేల్చుకోండి.

విశాఖ హెరాల్డ్:
అయితే ఛాసిస్ పని అయ్యేదాకా టాప్ జోలికి వెళ్ళను. ట్రనియన్లు, పెట్రోలు పైపులు ముందు. తర్వాత కూడా రోడ్డు మీదికి టాప్‌తోనే వెళ్తుంది, ఆర్‌సి ఫొటో చూశాక అంత ధైర్యం లేదు. మా ఆవరణలో ఒక సాయంత్రం విప్పి చూసుకోవడానికి చట్టం అడ్డు రాదు కదా లాయరు గారూ?

నల్లకోటు:
ఆవరణ దాటనంతవరకు నాకేం అభ్యంతరం లేదు. గేటు వేసుకోండి.

పాత ఇనుము:
నాకుంది. విప్పిన ప్రతిసారీ బోల్టు రంధ్రాలు వదులవుతాయి, సీలింగ్ రబ్బరు చిరుగుతుంది. ఆ రబ్బరు కూడా బ్రిటన్ నుంచే రావాలి.

గాలి రాజు:
రబ్బరు ఖర్చు నాది. పానాలు తీసుకుని నేనే వస్తా, తేదీ చెప్పు తమ్ముడూ.