రేడియేషన్ తర్వాత పాప చదువులో వెనకబడుతోంది

పర్లాకిమిడి నుంచి అడుగుతున్నా. మా పాపకి ఆరేళ్లప్పుడు మెడుల్లోబ్లాస్టోమా (మెదడు వెనక భాగంలో వచ్చే క్యాన్సర్ గడ్డ) ఆపరేషన్ చేయించి, తలకీ వెన్నుకీ రేడియేషన్ ఇప్పించాం. ఇప్పుడు తొమ్మిదేళ్లు. గడ్డ మళ్లీ రాలేదు గానీ, బోర్డు మీది ఒడియా రెండు లైన్లు ఎక్కించుకునేసరికి మిగతా పిల్లలు పేజీ ముగించేస్తున్నారు, నిన్న చెప్పిన ఎక్కం ఇవాళ గుర్తుండట్లేదు. టీచరు బద్ధకం అంటున్నారు, నిజమేనా?

జవాబు:
బద్ధకం కానే కాదక్కా. రేడియేషన్ మెదడులోని తెల్ల పదార్థాన్ని, అంటే ఒక భాగం నుంచి ఇంకో భాగానికి కబుర్లు మోసే తీగల్లాంటి వాటిని దెబ్బతీస్తుంది. అందుకే వేగం, ధ్యాస, అప్పటికప్పుడు గుర్తుంచుకోవడం తగ్గుతాయి. చాలామందిలో నేర్చుకున్నది పోదు, కొత్తది నేర్చుకోవడం నెమ్మదిస్తుంది, కాబట్టి తేడా ఏళ్లు గడిచాక బయటపడుతుంది. డోసు ఎంత?

అడిగినావిడ:
కాగితంలో తలకీ వెన్నుకీ 23.4 గ్రే (రేడియేషన్ కొలత), గడ్డ ఉన్నచోట ఇంకొంచెం అని ఉంది.

జవాబు:
అది తగ్గించిన డోసే అక్కా, ముందు రోజుల్లో 36 ఇచ్చేవారు.

ఇంకొకరు, రాయగడ:
మా బాబుదీ ఇదే కథ. చెవులు, థైరాయిడ్ కూడా చూపించండి. సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఎక్కించి ఉంటే వినికిడి తగ్గొచ్చు, మావాడు వినబడక రాయలేదని మాకు ఏడాదికి గానీ తెలియలేదు, వాణ్ణి తిట్టిన తిట్లు తలచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. న్యూరోసైకాలజీ పరీక్ష (ధ్యాస, జ్ఞాపకం, వేగం ఎలా ఉన్నాయో చూసేది) చేయించి, ఆ రిపోర్టుతో హెడ్మాస్టరుగారిని ముందు బెంచీ, పరీక్షల్లో అదనపు టైము అడగండి.