టిఫిన్ హోటల్‌కి బిల్లింగ్ మెషిన్: ఏది తీసుకోమంటారు?

రాజమండ్రి_టిఫిన్స్:
పొద్దున టిఫిన్లు, మధ్యాహ్నం భోజనాలు, సాయంత్రం మళ్ళీ టిఫిన్లు. ఇన్నేళ్ళూ నాన్నగారు గల్లాపెట్టె దగ్గర కూర్చుని నోటిలెక్కతోనే నడిపారు. సప్లయర్ వచ్చి గబగబా చెప్పుకుపోతుంటే ఈయన మొత్తం చెప్పేసేవారు. నాకు ఆ విద్య రాలేదు. ఇద్దరు వచ్చి డెమో ఇచ్చారు. ఒకటి చేత్తో పట్టుకునే ఆండ్రాయిడ్ మెషిన్, రెండంగుళాల ప్రింటర్ అందులోనే ఉంటుంది. ఇంకోటి పెద్ద టచ్‌స్క్రీన్, మూడంగుళాల ప్రింటర్, వంటగదికి వేరే ప్రింటర్, ఏటేటా చందా. రెండోది చూడ్డానికి బాగుంది కానీ ధర చూస్తేనే టెన్షన్. మా వీధిలో నెట్ ఎప్పుడు పోతుందో తెలీదు. స్విగ్గీ, జొమాటో ఆర్డర్లు కూడా ఉన్నాయి. వాడుతున్నవాళ్ళు చెప్పండి.

గుంటూరు_మెస్:
తమ్ముడూ, ఈ డెమోల వాళ్ళు ఎప్పుడూ మధ్యాహ్నం మూడింటికే వస్తారు, హోటల్లో ఈగలు తోలుకునే టైముకి. అప్పుడు ఏ మెషినైనా బాగానే ఉంటుంది. ఇద్దర్నీ ఆదివారం పొద్దున ఎనిమిదిన్నరకి రమ్మను. కౌంటర్ ముందు జనం మూగినప్పుడు ఈ ఆర్డర్ కొట్టమను: రెండు ప్లేట్లు ఇడ్లీ, ఒక ఉప్మా పెసరట్టు ఉల్లిపాయ లేకుండా, ఒక పూరీ పార్సిల్, సగం ఫోన్‌పే, సగం నగదు. తెర మీద ఎన్నిసార్లు వేలు పెట్టాడో చూడు. పెసరట్టు నొక్కగానే ఇంకో పేజీ తెరుచుకుని, అందులో మళ్ళీ వెతుక్కోవాల్సి వస్తే ఆ సాఫ్ట్‌వేర్ ఏసీ రెస్టారెంట్లకి పనికొస్తుంది, మనకి కాదు. మనకి ఎక్కువ పోయే పది ఐటమ్‌లూ మొదటి తెర మీదే ఉండాలి.

నెట్ సంగతి: రౌటర్ ఆపకు, దానికి వచ్చే ఫైబర్ వైరు మాత్రం పీకు. వంటగది ప్రింటర్ సాధారణంగా ఆ రౌటర్ మీదే నడుస్తుంది. అప్పుడు బిల్లు వస్తుందా, లోపల కేఓటీ (వంటగదికి వెళ్ళే ఆర్డర్ చీటీ) పడుతుందా, టోకెన్ నంబర్ వరుస తప్పకుండా వస్తుందా చూడు. "ఆఫ్‌లైన్‌లో పనిచేస్తుంది సార్" అని అందరూ అంటారు. కొన్నిట్లో బిల్లు ఒక్కటే వస్తుంది, ఆర్డర్లు తీసుకునే రెండో ట్యాబ్లెట్ ఉంటే దానికి ఆ ఆర్డర్ సంగతే తెలీదు. కరెంటు పోతే రౌటర్ కూడా ఆగకుండా చిన్న యూపీఎస్ పెట్టుకో.

లెక్కల_మనిషి:
పన్ను వైపు నుంచి రెండు ముక్కలు. మీలాంటి హోటల్‌కి జీఎస్టీ 5 శాతం, ఇన్‌పుట్ క్రెడిట్ (సరుకులు కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని తగ్గించుకోవడం) ఉండదు. స్విగ్గీ, జొమాటో ద్వారా పోయే భోజనం మీద జీఎస్టీని 2022 జనవరి 1 నుంచి ఆ యాప్‌లే కడుతున్నాయి. కాబట్టి నెలాఖరు రిపోర్టులో ఆ అమ్మకాలు కౌంటర్ అమ్మకాల నుంచి విడిగా కనిపించాలి. కలిపేసి చూపిస్తే అదే పన్ను మీరు మళ్ళీ కడతారు. కాంపొజిషన్‌లో (చిన్న వ్యాపారులు మొత్తం అమ్మకాల మీద కొంత శాతం పన్ను తామే కట్టే జీఎస్టీ పద్ధతి) ఉన్న హోటలైతే బిల్లు మీద జీఎస్టీ వేయకూడదు, ఆ తీరు బిల్లు కూడా మెషిన్‌లో రావాలి. 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత లైసెన్స్) నంబర్ బిల్లు మీద తప్పనిసరి. థర్మల్ కాగితం కొన్నాళ్ళకి వెలిసిపోతుంది, ఆ రోళ్ళు దాచుకుని లాభం లేదు. చందా ఆపేసిన రోజున పాత బిల్లులన్నీ ఎక్సెల్‌లో ఇస్తారా అని కాగితం మీద రాయించుకోండి.

వైజాగ్_కిచెన్:
అందరూ కౌంటర్ గురించే చెప్తున్నారు. లోపల దోసె మాస్టర్ ఆ కేఓటీ చదవగలడా? తెలుగులో కావాలంటే తెలుగులో ఒక చీటీ కొట్టించి చూడండి. చాలా థర్మల్ ప్రింటర్లలో తెలుగు అక్షరాలు ఉండవు, బొమ్మలా పంపి ముద్రించాలి. కొన్ని సాఫ్ట్‌వేర్లకి అది చేతకాక ప్రశ్నార్థకాలు వస్తాయి. మా వంటగదిలో సగం మంది ఒడిశా కుర్రాళ్ళు. అందుకని ప్రతి ఐటమ్‌కీ నంబర్ పెట్టి పెద్ద అక్షరాల్లో కొట్టిస్తున్నాం. "ఉల్లి లేకుండా" లాంటివి చీటీలో వేరే లైన్లో, ఐటమ్ కిందే రావాలి, లేదంటే పొయ్యి సెగలో ఎవరూ చూడరు.

రాజమండ్రి_టిఫిన్స్:
ఇద్దరికీ ఫోన్ చేశానండి. ఆండ్రాయిడ్ మెషిన్ ఆయన వస్తానన్నాడు. టచ్‌స్క్రీన్ వాళ్ళు ఆదివారం సెలవంటున్నారు, సోమవారం రమ్మంటారా అని అడిగారు.

గుంటూరు_మెస్:
ఆదివారం పొద్దున మెషిన్ ఆగిపోతే ఫోన్ ఎవరు ఎత్తుతారో వాళ్ళనే అడుగు.